తెలుగు తెరమీది పడమటి పసులకాపరి

కౌబాయి సినిమా యను మాటను మన పల్లెలలో విననివారుండరు. వెడల్పైన అంచుగల టోపీ, మెడకు చుట్టిన చేతిరుమాలు, నడుమున వ్రేలాడు తుపాకి, క్రింద గుఱ్ఱము, ఇవి తెరపై కనబడినచో చాలు, ఇది కౌబాయి సినిమా యని పసిపిల్లలు సైతము చెప్పుదురు. ఆ మాటకు అర్థమేమని అడిగినచో మాత్రము పెద్దలును తడుముకొందురు. అర్థము మిక్కిలి సామాన్యమైనది. ఇంగ్లీషున కౌ అనగా ఆవు, బాయి అనగా పిల్లవాడు. మన మాటలో పసులకాపరి. నా చిన్ననాట ఈ అర్థమును మా నాయనమ్మకు చెప్పగా, ఆమె సినిమా సాంతము చూచి వచ్చి, “పసులకాపరి అంటివి గదరా, మరి పసులేవి?” అని అడిగినది. ఆమె ప్రశ్నకు నేనప్పుడు సమాధానము చెప్పలేకపోతిని. ఈ ప్రసంగములో కొంతవరకు చెప్పవలెనని నా ప్రయత్నము.

ఆమె చూచిన చిత్రము “మోసగాళ్లకు మోసగాడు”. 1972వ సంవత్సర ప్రాంతమున, నాకు పదునాలుగేండ్ల వయస్సున, మా మోమిన్‌పేట పొలిమేరలో ఒక టూరింగు టాకీసువారు డేరా వేసిరి. కోత లయిన చేనిలో గుడారము. ముందు నేల, వెనుక బల్లలు, ఒక ప్రక్క ఆడవారికి అడ్డుతెర. నేను అప్పుడు మా గురువుగారి యొద్ద రఘువంశము చదువుకొనుచుంటిని. సినిమాలకు పోరాదని వారి ఆజ్ఞ. పోతిని.

ఆ రాత్రి తెరమీద జరిగిన కథకంటె డేరాలో జరిగిన కథ నాకు బాగుగా జ్ఞాపకమున్నది. తుపాకి ప్రేలినప్పుడెల్ల నేలమీది కుఱ్ఱకారు ఈలలు వేసి, తలపాగలు పైకెగురవైచిరి. బల్లలమీది పెద్దలు అరగంట యోర్చుకొనిరి. పిమ్మట ఒక్కొక్కరే కండువా దులుపుకొని లేచిరి. అందులో ఒక పెద్దమనిషి గుడారపు వాకిట నిలిచి, “ఇందులో రాముడు లేడు, కృష్ణుడు లేడు, ఇదేమి కథ?” అనెను. ముందు వరుసలోని ఒక కుఱ్ఱవాడు, “కృష్ణుడున్నాడు తాతా, టోపీ పెట్టుకొన్నాడు” అని బదులిచ్చెను. డేరా అంతయు ఘొల్లుమన్నది. ఆ చిత్ర కథానాయకుడు నటుడు కృష్ణ యని మీకు తెలిసినదే.

మరునాటి ఉదయము నేను పాఠమునకు పోగా గురువుగారు నన్ను తిట్టలేదు, కొట్టలేదు. గ్రంథము మూసి, “నిన్నటి పాఠము నీకు చాలును” అని లోపలికి పోయిరి. నెలన్నర కాలము వారు నాకు పాఠము చెప్పలేదు. మా నాయన పోయి కాళ్లు పట్టుకొన్న తరువాతనే మరల గ్రంథము తెరచిరి. ఒక సినిమా మూలమున ఒక యూరిలో ఇంత వాదము ఏల పుట్టవలెనో, ఇరుపక్షముల మాటలో ఎంతెంత సత్యమున్నదో తెలిసికొనవలెనను కోరిక నాకు ఆ నెలన్నరలో కలిగినది.

మొదట ఆ పసులేవో చూతము. అమెరికా దేశములో 1861 మొదలు 1865 వరకు ఉత్తర దక్షిణ రాష్ట్రముల మధ్య అంతర్యుద్ధము జరిగినది. అది ముగియునప్పటికి దక్షిణమున టెక్సాసు బయళ్లలో లెక్కలేనన్ని పశువులు విచ్చలవిడిగా పెరిగియుండెను. వానిని కొనువారు ఉత్తరపు పట్టణములలో నుండిరి. రైలు కాన్సాసు రాష్ట్రము వరకే వచ్చినది. కనుక మందలను నెలల తరబడి బయళ్లవెంట తోలుకొని, నదులు దాటించి, రైలు నిలుచు ఊరికి చేర్చవలసి వచ్చెను. 1867లో అబిలీన్ అను ఊరు ఇట్టి సంతకు మొదటి రైలుపట్టు అయినది. ఈ మందలను తోలిన కూలివాండ్రే కౌబాయిలు. వారి జీతము నెలకు ముప్పది నలుబది డాలర్లు. వారి దినచర్య దుమ్ము మ్రింగుట, రాత్రి మందకు కాపుండుట, పిడుగు పడినప్పుడు బెదరి పరుగెత్తిన పశువులను మరల కూర్చుట. నలుగురిలో ఒకడు నల్లజాతివాడై యుండెనని చరిత్రకారుల అంచనా. మెక్సికో దేశీయులును పెక్కుమంది యుండిరి. తుపాకి పేల్చుకొను పోరాటములు వారి బ్రతుకులో అరుదు.

ఈ పనియు నిరువదేండ్ల ముచ్చటయే. 1874లో గ్లిడ్డెన్ అను రైతు ముండ్లతీగెకు పేటెంటు హక్కు పొందెను. బయళ్లకు కంచెలు పడెను. రైళ్లు దక్షిణమునకు వచ్చెను. మంద తోలవలసిన యవసరమే లేకపోయెను. ఇచ్చట ఒక చిన్న ముచ్చట చెప్పక తప్పదు. అదే 1874లో మన సికిందరాబాదు నుండి వాడి వరకు నిజాము రైలుబండి నడచినది. ఆ దారి వికారాబాదు, తాండూరుల మీదుగానే పోవును. దానికి పూర్వము మన దక్కనులో ఉప్పును, ధాన్యమును ఎద్దులపై వేసికొని వేలకొలది తలల మందలను తోలినవారు లంబాడీలు. మొగలాయీ సేనలకును, నిజాము సేనలకును, తుదకు ఇంగ్లీషు సేనలకును తిండిగింజలు మోసిపెట్టిన వారు వారే. రైలు వచ్చి వారి వృత్తిని మ్రింగినది. మన చుట్టుపట్ల తండాలలోని ముదుసలులు ఈ సంగతి తమ తాతలు చెప్పగా వినియేయుందురు. అమెరికా గొడ్లకాపరి వృత్తి పోగానే కథలోనికెక్కి చిరంజీవి యయ్యెను. మన లంబాడీ నాయకుని ఎద్దుల బిడారును గూర్చి ఎవ్వరును టోపీ పెట్టి సినిమా తీయలేదు. ఇది నాకు కొంత కష్టముగనే తోచును.

వృత్తి చచ్చిన తరువాత కథ పుట్టినది. 1903లో ఎడ్విన్ పోర్టరు అను నతడు రైలు దోపిడిని గూర్చి పండ్రెండు నిమిషముల మూకీచిత్రము తీసెను. అందులో ఒక దొంగ ప్రేక్షకులవైపు తిరిగి తుపాకి పేల్చును. అది మొదలు అమెరికావారు వందలకొలది ఇట్టి చిత్రములు తీసిరి. పసులు క్రమముగ కథలోనుండి తొలగిపోయెను. గుఱ్ఱము, తుపాకి, ఎడారి మిగిలెను. మా నాయనమ్మ ప్రశ్నకు ఇది సమాధానము. పసులు కాన్సాసు సంతలోనే అమ్ముడుపోయినవి.

ఆ కథలయందు ఒక పెద్ద దోషము గలదు. ఆ నేలకు మొదటి హక్కుదారులైన ఆదివాసులను, తమ నేలను కాపాడుకొనువారిని, ఈ చిత్రములు చిరకాలము క్రూరులుగనే చూపినవి. తెల్లవాడు వచ్చుట నాగరకత, వారు అడ్డుపడుట దౌష్ట్యము. ఈ సంగతి మనము మరచిపోరాదు. ఏలయన మన తెలుగు చిత్రమును తూచునప్పుడు ఇది పనికివచ్చును.

ఇక పరదేశములవారు ఈ కథను ఎత్తుకొన్న తీరు వింతయైనది. జర్మనీలో కార్ల్ మే అను రచయిత అమెరికా పడమటి సీమను కంటితో చూడకయే దానినిగూర్చి నవలలు వ్రాసెను. 1962 మొదలు జర్మనులు వానిని యుగోస్లావియా కొండలలో చిత్రములుగా తీసిరి. జపానున అకిర కురొసావా అను దర్శకుడు అమెరికా దర్శకుడు జాన్ ఫోర్డును అభిమానించినవాడు. అతడు 1961లో “యోజింబో” అను చిత్రము తీసెను. ఒక ఊరిలో రెండు దొంగ ముఠాలు. ఒక ఏకాకి ఖడ్గధారి వచ్చి ఇరువురికిని అమ్ముడుపోయినట్లు నటించి ఇరువురిని నాశనము చేయును. ఇటలీ దేశీయుడు సెర్జియో లియోనే ఆ కథనే 1964లో తుపాకులతో తీసెను. చిత్రీకరణ చాలవరకు స్పెయిను దేశపు ఎండు నేలలలో. నాయకుడు అమెరికా నటుడు క్లింట్ ఈస్ట్‌వుడ్. కథ మాదని జపానువారు వ్యాజ్యమునకు దిగిరి. తుదకు ప్రపంచమంతట వచ్చు రాబడిలో నూటికి పదునైదు వంతులు వారికిచ్చునట్లు ఒప్పందమైనది. అమెరికా కథ జపానుకు పోయి, జపాను కథ ఇటలీకి వచ్చి, ఇటలీవాడు దానిని అమెరికా వేషము వేసి అమెరికాకే అమ్మెను. మన సంతలలో ఒకే కోడెను మూడుచేతులు మార్చి మొదటివానికే అమ్మిన బేరగాండ్రను నేనెరుగుదును.

ఈ ఇటలీ చిత్రములను అమెరికా విమర్శకులు మొదట మిక్కిలి హీనముగ చూచిరి. ఇటలీవారు తిను సేమియావంటి తిండిపేరు తగిలించి, స్పగెట్టి వెస్ట్రను లని వేళాకోళము చేసిరి. జనము మాత్రము విరగబడి చూచిరి. లియోనే 1966లో తీసిన మూడవ చిత్రములో ముగ్గురు మనుష్యులు పూడ్చిపెట్టిన బంగారము కొరకు ఒకరినొకరు మోసగించుకొనుచు పోవుదురు. ఎన్నియో మోరికోనె దానికి సంగీతము కూర్చెను; నోటి ఈల, కొరడా చప్పుడు, గంట మ్రోత, ఇవియు వాద్యములేయని అతడు నిరూపించెను. తుపాకి పేలుట క్షణము, పేలబోవు సమయము అరగడియ. కన్ను, చేయి, మరల కన్ను చూపి, గాలి చప్పుడు వినిపించి, ప్రేక్షకుని ఊపిరి బిగబట్టించుట లియోనే పద్ధతి. 1968లో అతడే తీసిన మరియొక చిత్రమును అమెరికావారు ఇరువది నిమిషములకు పైగా కత్తిరించి చూపినను అచ్చట జనము రాలేదు. ఫ్రాన్సు దేశములో మాత్రము దానికి బ్రహ్మరథము పట్టిరి. కనుక రెండు పక్షములుగా చీలుట మా మోమిన్‌పేట డేరాకే ప్రత్యేకము కాదు.

ఇక మన చిత్రమునకు వత్తము. పద్మాలయ సంస్థ నటుడు కృష్ణ కుటుంబమువారిది. కృష్ణ సోదరుడు జి. ఆదిశేషగిరిరావు నిర్మాత, కె.యస్.ఆర్. దాస్ దర్శకుడు, వి.యస్.ఆర్. స్వామి ఛాయాగ్రాహకుడు. 1971 ఆగస్టు 27వ తేదీన విడుదలయైనది. మద్రాసునుండి జనమును, సరంజామాను తరలించి రాజస్థానపు ఎడారిలోను, హిమాచల ప్రాంతమునను చిత్రించిరి. అంతవరకు తెలుగు చిత్రమనగా మద్రాసు స్టూడియోలో అట్టతో కట్టిన కోట, రంగువేసిన ఆకాశము. ఇందులో ఆకాశము నిజమైనది, ఇసుక నిజమైనది, చెమట నిజమైనది. సంగీతము పి. ఆదినారాయణరావు. “సువర్ణసుందరి”కి అంత మధురముగా బాణీలు కట్టిన మహనీయుడు గుఱ్ఱపుడెక్కల చప్పుడునకు సంగీతము కూర్చవలసి వచ్చుట చూడుడు!

అంతకంటె విడ్డూరము మరియొకటి గలదు. ఈ చిత్రమునకు రచన చేసినవాడు ఆరుద్ర. భాగవతుల సదాశివశంకరశాస్త్రి యను ఆ పండితుడే “సమగ్ర ఆంధ్ర సాహిత్యము” అను పేర మన సాహిత్యచరిత్రను సంపుటములుగా వెలువరించెను. నన్నయ కాలనిర్ణయమును, శివకవుల చరిత్రమును, చాటువుల కర్తృత్వమును తర్కించిన చేయియే నక్కజిత్తుల నాగన్న యను దొంగపాత్రకు మాటలు వ్రాసినది. ఈ సంగతి నాకు కళాశాలలో చదువునప్పుడు తెలిసి, ఆ రాత్రి నిద్రపట్టలేదు. మా గురువుగారు ఆరుద్ర సంపుటములను భద్రముగ అట్టవేసికొని చదువువారు. సినిమా మాటలు వ్రాసినవాడును అతడేయని వారికి చెప్పుటకు నాకు చాలకాలము ధైర్యము చాలలేదు.

కథ అమరవీడు అను సంస్థానపు నిధిని గూర్చినది. కాలము ఇంగ్లీషువారు మన సంస్థానములను కబళించుచున్న కాలము. దాచిన నిధికై మంచివాడును, జిత్తులమారియు, క్రూరుడును వెదకుదురు. కృష్ణ నాయకుడు, విజయనిర్మల నాయిక, నాగభూషణము నక్కజిత్తుల నాగన్న, సత్యనారాయణ ప్రతినాయకుడు. ఇటలీ చిత్రముల ఋణము ఇందులో స్పష్టముగనే కనబడును. దానిని దాచుట పని లేదు. కాని నేను పైని చెప్పిన దోషమును జ్ఞాపకము తెచ్చుకొనుడు. అమెరికా కథలో నేల యొక్క స్వంతదారులు దుష్టులు, వచ్చిన తెల్లవారు నాగరకులు. తెలుగు కథలో సొమ్ము మన సంస్థానముది, దోచవచ్చినవాడు తెల్లవాడు. వేషము మనది కాదు, న్యాయము మనది. ఈ ఒక్క మార్పువలన ఆరుద్ర ఎరువు సొమ్మును ఇంటి సొమ్ము చేసెనని నా యభిప్రాయము. కందుకూరి వీరేశలింగముగారు 1878లో “రాజశేఖర చరిత్రము” వ్రాయునప్పుడు ఇంగ్లీషు నవలనుండి ప్రేరణ గొనలేదా? గోదావరితీరపు ధవళేశ్వరము అందులో నుండుటచేత అది మనది యయ్యెను.

ఇక పెద్దల ఆక్షేపణలను తీసికొందము. మొదటిది వేషము. ఈ టోపీ, ఈ తోలు చొక్కా మన నాట ఎవ్వరు ధరించిరి? ఎవ్వరును ధరింపలేదు. ఈ ఆక్షేపణ సత్యమే. కాని మన నాటకములలో దుష్యంతుడు ముఖమల్ కోటు, బూట్లు వేసికొని పద్యము పాడినప్పుడు మన పెద్దలు ‘వన్స్‌మోర్’ అనిరి గదా! వేషమునందలి అసత్యమును మనము ఇష్టమైనచోట క్షమింతుము.

రెండవ ఆక్షేపణ బలమైనది. ఇందు నాయకుడెవరు? మన ఆలంకారికులు నాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధములుగా చెప్పిరి. టోపీవాడు వీరిలో ఎవ్వడు? రాముని వంటి ఉదాత్తుడు కాడు. మాయ, కపటము గలవాడు గనుక ఉద్ధతుడందమా, ఉద్ధతునకు ఆత్మస్తుతి ముఖ్యలక్షణము. ఇతడు నోరు మెదపడు. పది మాటలు పలుకవలసినచోట చుట్ట నోటిలోనుండి తీసి ఒక్కమాట పలుకును. శాస్త్రమున నాలుగు గదులుండగా ఐదవవాడు వచ్చి వాకిట నిలిచినట్లున్నది. డేరానుండి లేచిపోయిన పెద్దల బాధ ఇదే. వారు తుపాకి చప్పుడునకు బెదరి పోలేదు. ఎవనిపక్షమున నిలువవలెనో తెలియక పోయిరి. చెడ్డవానిని మోసగించినంతమాత్రమున మోసము మంచిది యగునా యని వారి శంక. చిత్రము పేరే ఆ శంకను తెచ్చి ముందర పెట్టుచున్నది.

కుఱ్ఱకారు పక్షమునను మాట గలదు. వారు అప్పటికి కూలికిపోయి కొలతలో మోసపోయినవారు, వడ్డీలో మోసపోయిన వారి బిడ్డలు. మోసగాని మోసము వానికే తగులుట చూచి వారికి కడుపు నిండినది. ముల్లును ముల్లుతోనే తీయవలెనన్న మాట మన పెద్దలదే కదా యని వారి వాదము. ఆడవారి తడికవెనుక అభిప్రాయము వేరు. వారిలో చాలమంది నాగభూషణమును చూచి నవ్విరి. తుపాకిపోరు వచ్చినప్పుడు తమలో తాము ముచ్చటించుకొనిరి. ‘ఇందులో ఇల్లు లేదు, అత్త లేదు, పిల్లలు లేరు, మాకేమున్నది’ అని మరునాడు బావివద్ద అనుకొనిరట. ఇదియు తీసివేయదగిన విమర్శ కాదు. పడమటి కథలలో పొయ్యి వెలిగిన ఇల్లు మిక్కిలి అరుదు. ఐనను దాస్‌గారే అంతకు పూర్వము 1970లో “రౌడీరాణి” యను చిత్రమున విజయలలితచేత తుపాకి పట్టించి, ఆడుదానినే నాయకుని స్థానమున నిలిపెనని చెప్పవలెను.

మా గురువుగారి సంగతి చెప్పి తీరవలెను. వారి అవసానకాలమున నేను ఉపాధ్యాయుడనై యుంటిని. ఒక సాయంకాలము మంచముమీద పరుండి వారు హఠాత్తుగా, “ఆ నిధి తుదకెవరికి దక్కినదిరా?” అని యడిగిరి. ఏ నిధి యని నేను తెల్లబోతిని. ఇరువదేండ్లనాటి డేరాలోని నిధి యని వారి చూపువలన తెలిసెను. ఆరుద్ర పేరు మొదలుకొని కథ యంతయు చెప్పితిని. వారు కన్నులు మూసికొని విని, “ఇంతేనా? మన దశకుమారచరిత్రములో వీరిని తలదన్ను మోసగాండ్రున్నారు” అనిరి.

ఆ మాట నన్ను మరల గ్రంథము తెరపించినది. దండి కృతిలో అపహారవర్మ యను రాజపుత్రుని కథ కలదు. చంపానగరమున లోభులు సొమ్ము కూడబెట్టి పిల్లికి బిచ్చము పెట్టక యుందురు. వేశ్యవలన సర్వము కోల్పోయి సన్న్యాసియైన యొకనిని అపహారవర్మ చూచి, సంపద చంచలమని ఆ లోభులకు నేర్పుటకై వారి ఇండ్లకు కన్నము వేయును, జూదమాడును, మహిమగల తోలుసంచి యొకటి యున్నదని పుకారు పుట్టించి ఊరినెల్ల బోల్తాకొట్టించును. మోసగాండ్రకు మోసగాడనగా ఇంకెవడు? ఈ గ్రంథమును పదమూడవ శతాబ్దమున కేతన తెలిగించి, అభినవదండి యనిపించుకొని, ఎవరికి అంకితమిచ్చెను? సాక్షాత్తు తిక్కన సోమయాజికి. యజ్ఞము చేసిన మహాకవి కన్నపుదొంగ కథను అంకితముగొనెను. శూద్రకుని మృచ్ఛకటికములో శర్విలకుడు గోడకు కన్నము వేయబోయి కొలతత్రాడు మరచి, మెడలోని జందెముతో కొలుచును! కనుక ఐదవ నాయకుడు వాకిట నిలిచినవాడు కాడు. మన ఇంటిలోనివాడే, మనము ముందుగదిలో కూర్చుండ నీయలేదు.

అమెరికాలో తీసిన పడమటి చిత్రమునకు మనదేశములో లభించిన ఆదరమును గూర్చి రెండు మాటలు. 1969లో “మెకన్నాస్ గోల్డ్” అను చిత్రము వచ్చినది. గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్ నటులు. కొండలోయలో దాగిన బంగారము కొరకు పరుగు. అమెరికాలో అది నిలువలేదు, విమర్శకులు నవ్విరి. భారతదేశమునను, సోవియట్ దేశమునను అది నెలలతరబడి ఆడినది. ఇంగ్లీషు ఒక్క ముక్క రానివారు దానిని పదేసిసార్లు చూచిరి. తల్లి పారవేసిన బిడ్డను దాది పెంచినట్లు మనము పెంచితిమి. ఇటు మన “మోసగాళ్లకు మోసగాడు” చిత్రమును ఇంగ్లీషు మాటలతో “ట్రెజర్ హంట్” అను పేర పరదేశములకు పంపిరి. ఎవరి టోపీ వారికే అమ్మజూపినట్లయినది.

కృష్ణ ఆ తరువాత 1974లో అదే సంస్థలో “అల్లూరి సీతారామరాజు” చిత్రమున కాషాయము ధరించి విల్లు పట్టెను. ఛాయాగ్రాహకుడు మరల స్వామిగారే. ఎడారిలో గుఱ్ఱముమీద నేర్చిన పని మన్యపు కొండలలో అక్కరకు వచ్చినదని నేను తలతును. 1972లో డేరానుండి లేచిపోయిన పెద్దమనిషియే ఈ చిత్రమునకు కుటుంబముతో బండి కట్టించుకొని పోయెను.

టోపీ కథ అంతటితో ముగియలేదు. 1990లో చిరంజీవి “కొదమసింహం”, 2002 సంక్రాంతికి కృష్ణ కుమారుడు మహేశ్‌బాబు “టక్కరిదొంగ” వచ్చినవి. ఆ రెండవదానిని గూర్చి నా తప్పొకటి చెప్పుకొనవలెను. సెలవుల అనంతరము పదవ తరగతిలో నేను ఆ చిత్రమును నిందించుచు, పరదేశపు ఎంగిలి యని దీర్ఘముగా ఉపన్యసించితిని. వెనుక బల్లపై ఒక బాలుడు లేచి, వినయముగనే, “సార్, మీరు చూసిండ్రా?” అని యడిగెను. నేను చూడలేదు. “కూర్చో” అంటిని. వాడు కూర్చుండెను. కాని నాకు గురువుగారు గ్రంథము మూసిన ఉదయము కన్నులకు కట్టినది. వారు సైతము చూడకయే మూసిరి.

ఆదివారము పట్నమునకు పోయి చూచితిని. పాటలు ఎక్కువ, కథ సాగతీత. ఐనను గుఱ్ఱపు పరుగులును, ఎడారి వెలుగును కన్నుల పండువుగా నుండెను. ఆశించినంత ఆదరము దానికి కలుగలేదు. నటునికి మాత్రము నంది ప్రత్యేక పురస్కారము వచ్చినది. అందులో వృద్ధుడైన కృష్ణ క్షణకాలము కనబడగా హాలులో నావయస్సువారందరు లేచి నిలిచిరి. ఈ మారు పెద్దలే ఈల వేసిరి; కుఱ్ఱవారు ‘కథ ఏదీ’ అని విసుగుకొనిరి! సోమవారము తరగతిలో నేను చూచితినని, నా మాటలో సగము తప్పని, సగము ఒప్పని చెప్పితిని. ఆ సగమేదో చెప్పుమని ఆ బాలుడే పట్టుబట్టెను. ఆనాటి వ్యాకరణపాఠము అట్లే పోయినది.

కృష్ణ 2022 నవంబరు 15న పరమపదించిరి. మరుసటి ఏడు మే 31న, వారి జయంతినాడు, “మోసగాళ్లకు మోసగాడు” చిత్రమును కొత్త పద్ధతిలో మెరుగుపరచి మరల విడుదల చేసిరి. మా మనుమడు తన ఫోనులోనే టిక్కెట్లు కొని, నన్నును, నాతోటి మరి ఇద్దరు వృద్ధులను హైదరాబాదునకు తీసికొనిపోయెను. ఆ ఇద్దరిలో ఒకరు ఆనాడు డేరా ముందు నేలమీద తలపాగ ఎగురవైచినవారు, రెండవవారు తండ్రి వెంట లేచిపోయినవారు. రెండవవారు యాబదియొక్క సంవత్సరముల తరువాత మిగిలిన సగము కథ చూచిరి. చూచి, ఇసుకయు, ఆకాశమును బాగున్నవనియు, కాని తన తండ్రి లేచిపోవుట తప్పు కాదనియు అనిరి. మొదటివారికి కోపము వచ్చినది. బస్సు సదాశివపేట దాటినను వాదము తెగలేదు. నేను అపహారవర్మ ప్రసక్తి తెచ్చితిని. ఇరువురును నా మాట వినిపించుకొనలేదు. మోమిన్‌పేటలో దిగినప్పుడు చీకటి పడినది. మరునాటి ఉదయము రచ్చకట్టవద్ద నేను పోవునప్పటికే వారిరువురును కూర్చుండి, నక్కజిత్తుల నాగన్నను నమ్మవచ్చునా నమ్మరాదా యని మరల మొదలుపెట్టియుండిరి.